నోరు పలకనప్పుడు సైగను వినడం

నయాపూల్ మీద నిలబడి చూస్తే మూసీ నదికి ఇరువైపులా రెండు మహాభవనాలు కనబడతాయి. ఉత్తరపు ఒడ్డున అఫ్జల్‌గంజ్ వైపు ఉస్మానియా జనరల్ ఆస్పత్రి, దక్షిణపు ఒడ్డున హైకోర్టు. 1908 నాటి మూసీ వరద తరువాత, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనాకాలంలో లేచిన కట్టడాలివి. ఒకటి దేహానికి తగిలిన గాయాన్ని విచారిస్తుంది, మరొకటి హక్కుకు తగిలిన గాయాన్ని విచారిస్తుంది. ఈ రెండు చోట్లా ఒక్కొక్కసారి ఒకే ప్రశ్న ఎదురవుతుంది: మాట పోయిన మనిషి ఏం చెబుతున్నాడు? ఈ నెల ఆ ప్రశ్ననే పాఠకుల ముందుంచుతున్నాము.

ద్విచక్ర వాహనం మీది నుండి పడినవారు, పనిచేసే చోట ఎత్తు నుండి జారినవారు తలకు దెబ్బ తగిలి ఆస్పత్రికి వస్తారు. శస్త్రచికిత్స ముగుస్తుంది, కుట్లు మానుతాయి, మనిషి ఇంటికి చేరుకుంటాడు. అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. ఆయన మాట్లాడడు, లేదా మాట్లాడినా పొంతన ఉండదు. ముఖంలో పలకరింపు కనిపించదు. నవ్వవలసిన చోట ఏడుస్తాడు, ఏడవవలసిన చోట నవ్వుతాడు. చుట్టూ ఉన్నవారు రెండు రకాల పొరపాట్లలో ఒకదానిలో పడతారు. కొందరు ‘ఇక ఈయనకు ఏమీ తెలియదు’ అని తేల్చివేసి, మంచం పక్కనే నిలబడి ఆయన గురించి ఏమైనా మాట్లాడేస్తారు. మరికొందరు ప్రతి కదలికలోనూ తమకు కావలసిన అర్థాన్ని వెతుక్కుంటారు. మొదటిది ఆ మనిషిని లేనివానిగా చేస్తుంది, రెండవది ఆయన నోట మన మాటను పెడుతుంది. రెండూ అన్యాయమే.

ఈ విషయంలో మనకు ఎంతో స్పష్టమైన ఆదర్శం ఉంది. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. మదీనాలో ఒక బాలిక వెండి ఆభరణాలు ధరించి బయటికి వెళ్ళింది. ఒక వ్యక్తి రాతితో ఆమె తల చితకగొట్టాడు. కొన ఊపిరితో ఉన్న ఆమెను దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) వద్దకు తీసుకువచ్చారు. ఆమె మాట్లాడే స్థితిలో లేదు. ఆయన ఒక పేరు చెప్పి, నిన్ను కొట్టింది ఇతడా అని అడిగారు. ఆమె తల పైకెత్తి కాదని సూచించింది. మళ్ళీ అడిగినప్పుడూ కాదన్నది. మూడవసారి అడిగినప్పుడు తల కిందికి వాల్చి అవునన్నది. ఆ వ్యక్తిని పట్టి తెచ్చి విచారించగా నేరం ఒప్పుకున్నాడు. ఆ తరువాతనే శిక్ష అమలయింది.

తలకు గాయమై మాట పోయిన మనిషితో సంభాషణ ఎలా జరగాలో చెప్పే పాఠమంతా ఈ సంఘటనలో ఉంది. ఆమె మాట్లాడలేదు కనుక ఆమె వద్ద చెప్పవలసినది లేదని ఎవరూ అనుకోలేదు. ‘ఎవరు కొట్టారు?’ అనే ప్రశ్నకు మాటలు కావాలి. ‘ఇతడా?’ అనే ప్రశ్నకు తల ఊపు చాలు. ప్రశ్నను ఆమె శక్తికి తగినట్లు మలచారు. ఒక్కసారితో ఆగలేదు. కాదనే జవాబు కూడా వచ్చింది కాబట్టే చివరి అవునుకు విలువ కలిగింది. ప్రతి ప్రశ్నకూ తల ఒకే తీరున కదిలితే అది జవాబు కాకపోవచ్చు. అన్నిటికీ మించి, ఆ సైగ విచారణకు తలుపు తెరిచింది గాని, విచారణ స్థానాన్ని ఆక్రమించలేదు. ఇమామ్ బుఖారీ ఈ హదీసును వీలునామాల అధ్యాయంలో కూడా, రోగి తలతో చేసే స్పష్టమైన సంకేతం అనే శీర్షిక కింద పొందుపరచారు. ‘స్పష్టమైన’ అన్న మాటను గుర్తుంచుకుందాం.

దివ్య ఖుర్ఆన్‌లోనూ సైగకు గౌరవస్థానం ఉంది. హజ్రత్ జకరియ్యా (అ.స.) మూడు రోజులపాటు ప్రజలతో మాట్లాడలేకపోయినప్పుడు, ఉదయం సాయంత్రం దైవాన్ని స్తుతించమని సైగతోనే తెలియజేశారు. హజ్రత్ మర్యమ్ (అ.స.) మౌనవ్రతంలో ఉండి, నిందలు వేసిన జనానికి ఒడిలోని పసిబిడ్డ వైపు చూపడమే జవాబుగా ఇచ్చారు. మాట ఆగినంత మాత్రాన మనిషి గౌరవం తగ్గదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక వైద్యుల సంగతి చూద్దాం. తలకు దెబ్బ తగిలినవారి స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేలును 1974లో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ అనే వైద్యులు రూపొందించారు. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, అవయవాల కదలికకు 6, మొత్తం 15 మార్కులు. అతి తక్కువ 3. అంటే 15లో 10 మార్కులు నోటి మాటతో నిమిత్తం లేనివే. గొంతులో గొట్టం ఉన్న రోగి మాట్లాడడు. అది గొంతుకు ఏర్పడిన అడ్డు, బుద్ధికి కాదు. ఈ తేడాను ఇంటివారు మొదటిరోజే వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

కళ్ళు తెరిచి ఉన్నా స్పృహ లేని స్థితి ఒకటి ఉంటుంది. ఆ స్థితిలో నిద్ర, మెలకువ వస్తూపోతూ ఉంటాయి, పళ్ళు కొరకడం, కన్నీరు కారడం, పెదవులు నవ్వినట్లు కదలడం కూడా జరగవచ్చు. అవన్నీ ఇచ్ఛతో చేసే పనులు కావు. దానికి కొంచెం పైమెట్టున, స్పృహ మిణుకుమిణుకుమంటూ అప్పుడప్పుడు కనిపించే స్థితి ఉంటుంది. ఈ రెంటినీ వేరుచేయడం నిపుణులకే కష్టం. 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, స్పృహ లేదని వైద్యబృందం నిర్ధారించిన 44 మందిని క్రమబద్ధమైన కొలమానంతో మళ్ళీ పరీక్షించగా 18 మందిలో స్పృహ జాడలు కనిపించాయి. ఆ పరీక్షలో వాడే సాధనాలలో ఒకటి చిన్న అద్దం. రోగి ముఖం ముందు అద్దాన్ని పట్టుకొని నెమ్మదిగా పక్కలకు, పైకి, కిందికి కదిలిస్తారు. కళ్ళు దానిని అనుసరించడం తరచుగా కనిపించే తొలి సూచన. అలాగే ‘నేను ఇప్పుడు నా చెవిని తాకుతున్నానా?’ వంటి ప్రశ్నలు అడుగుతారు. కొన్నిసార్లు నిజంగా తాకుతూ, కొన్నిసార్లు తాకకుండా అడుగుతారు. తెలిసిన జవాబుతో సైగను సరిచూసుకోవడమే ఇందులోని సూత్రం.

పైకి ఏ సైగా లేనివారి సంగతి ఏమిటి? 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, ప్రమాదం తరువాత అయిదు నెలలుగా స్పందన లేని ఒక యువతిని స్కానింగు యంత్రంలో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్లు ఊహించుకోమని చెప్పింది. ఆరోగ్యవంతుల మెదడు ఎలా మెలకువ చూపుతుందో ఆమె మెదడు కూడా అలాగే చూపింది. 2024లో పలు దేశాల వైద్యులు కలిసి ప్రచురించిన అధ్యయనంలో, ఆజ్ఞకు పైకి ఏ స్పందనా చూపని 241 మందిలో 60 మంది, అంటే ప్రతి నలుగురిలో ఒకరు, లోపల ఆజ్ఞను అనుసరిస్తున్నట్లు యంత్రాలు చూపాయి. ఈ పరీక్షలు అందరికీ అందుబాటులో ఉండవు. కాని వీటి నుండి గ్రహించవలసిన మర్యాదకు ఖర్చు లేదు. మంచం పక్కన ఆస్తి పంపకాలు, ఆస్పత్రి అప్పులు, ‘ఇలా బతికేకంటే...’ అనే మాటలు మాట్లాడకూడదు. గదిలోకి వచ్చినప్పుడు సలాం చెప్పి, మన పేరు చెప్పి, ఏం చేయబోతున్నామో చెప్పి ఆ తరువాతే తాకాలి.

స్పృహ పూర్తిగా వచ్చినవారిలో కథ మరొకలా ఉంటుంది. చాలామందికి భాషను నడిపించేది మెదడు ఎడమభాగం. అక్కడ దెబ్బ తగిలితే అఫేసియా రావచ్చు. తలంపు ఉంటుంది, మాట దొరకదు. వినబడుతుంది, అర్థం జారిపోతుంది. రాయడం, చదవడం కూడా దెబ్బతినవచ్చు. నీళ్ళు కావాలని అడగలేని మనిషి ‘అస్సలాము అలైకుమ్’ అని స్పష్టంగా అనవచ్చు. ఒకటి నుండి పది వరకు లెక్కించవచ్చు, సూరె ఫాతిహా మొదలుపెడితే చివరిదాకా చదవవచ్చు. ఇది చూసి ఇంటివారు, ‘ఖుర్ఆన్ చదవగలిగినవాడు నీళ్ళు అడగలేడా? కావాలనే మాట్లాడడం లేదు’ అని నొచ్చుకుంటారు. అలవాటుగా నాలుక మీద నిలిచినవి ఒక దారిన వస్తాయి, అప్పటికప్పుడు కూర్చుకోవలసిన మాట మరొక దారిన వస్తుంది. మొదటి దారి మిగిలి రెండవది తెగిపోవచ్చని 19వ శతాబ్దంలోనే హ్యూలింగ్స్ జాక్సన్ అనే ఆంగ్ల వైద్యుడు గమనించాడు. కాబట్టి అది మొండితనం కాదు. ‘గాలి సోకింది’, ‘అసర్ అయింది’ అనుకొని నెలలు గడపడం కూడా తగదు. ఆ నెలలు చికిత్సకు ఎంతో విలువైనవి. దుఆ చేద్దాం, దానితోపాటు వైద్యం కూడా చేయించుదాం.

కుడిభాగానికి దెబ్బ తగిలితే మాట నిలిచినా, మాటలోని స్వరం, ముఖంలోని భావం దెబ్బతినవచ్చు. మనిషి అన్నీ ఒకే స్వరంతో అంటాడు. తనకు ఎడమవైపున్న ప్రపంచాన్నే గమనించకపోవచ్చు. ఎడమవైపు నిలబడిన భార్యను పలకరించడు, కుడివైపు వచ్చిన తమ్ముణ్ణి పలకరిస్తాడు. ఆమె మనసు విరిగిపోతుంది. మంచానికి అటువైపు వెళ్ళి నిలబడితే తెలిసిపోయే విషయం, తెలియక కాపురాన్ని కదిలిస్తుంది. మెదడు ముందుభాగం గాయపడితే చొరవ తగ్గి ముఖం చలనం లేనట్లు ఉంటుంది. దానిని ‘ప్రేమ పోయింది’ అని చదవకూడదు. కణత ఎముక విరిగితే ముఖనరం దెబ్బతిని సగం ముఖమే కదలవచ్చు. ఇంకా కొందరిలో నవ్వు, ఏడుపు ఇచ్ఛకు లొంగకుండా పొంగుకొస్తాయి. జనాజా వార్త విని నవ్విన మనిషి కఠినాత్ముడు కాడు. అటువంటి వేళ గద్దించకుండా దృష్టి మరల్చి, వైద్యునికి చెప్పాలి. దీనికి మందులున్నాయి.

సంకేతాలు రెండు వైపులా నడుస్తాయన్నది మనం తరచుగా మరచే విషయం. గాయపడినవాడు మన ముఖాన్ని చదవలేకపోవచ్చు. ఒక మోస్తరు నుండి తీవ్రమైన మెదడు గాయాలైనవారిలో 39 శాతం దాకా ఇతరుల ముఖంలోని భావాలను గుర్తించడంలో గణనీయమైన ఇబ్బంది పడుతుండవచ్చని 2011లో ఒక సమగ్ర పరిశీలన అంచనా వేసింది. భార్య అలసటను అతడు కోపమనుకుంటాడు. తల్లి కన్నీటిని చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోతాడు. ‘రాతి గుండె’ అంటారు. అతనికి ఆ పుట చదవడం రావడం లేదంతే. అందువల్ల ముఖం చెప్పే మాటను నోటితో చెప్పాలి: ‘నాకు కోపం లేదు, అలసిపోయాను, కాసేపు నా దగ్గర కూర్చోండి.’ మాస్కు గాని నఖాబు గాని ధరించి రోగిని చూసుకునే సోదరీమణులు ఈ పద్ధతిని మరింత శ్రద్ధగా పాటించాలి. అలాగని ‘అతనికి మన ముఖం అర్థం కాదు కదా’ అని చిట్లించుకోవచ్చునని కాదు. అంధుడైన సహచరుని రాకకు నుదురు ముడివడిన సందర్భాన్ని అబస సూరా ప్రస్తావించింది. ఆ ముడిని ఆయన చూడలేరు. అయినా అది గమనింపబడింది.

మన నగరంలో మరొక చిక్కు ఉంది. ఇక్కడ తలను పక్కలకు మెల్లగా ఊపితే ‘సరే’ అని అర్థం. అదే ఊపును వేరే ప్రాంతం నుండి వచ్చిన నర్సు ‘వద్దు’ అని గ్రహించవచ్చు. నాలుకతో ‘చ్చ్’ అని చిన్న శబ్దం చేస్తే మనకు అది ‘లేదు’. కొత్తవారికి అది విసుగు. మదీనా బాలిక తల పైకెత్తడం ‘కాదు’ అన్నది అక్కడివారికి తెలిసిన సంకేతం కాబట్టే అర్థమయింది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు, వైద్యుని నోట ఇంగ్లీషు ఉన్న రోగికి గాయం తరువాత ఈ భాషలు ఒకే తీరుగా తిరిగిరావు. కనుక సంకేతాన్ని ముందుగానే నిర్ణయించుకోవాలి. రోగి ఏ కదలికను సులువుగా, కోరినప్పుడల్లా చేయగలడో స్పీచ్ థెరపిస్టుతో కలిసి చూసుకొని, ‘అవును అంటే కళ్ళు గట్టిగా మూయడం, కాదు అంటే చూపు పైకెత్తడం’ వంటి ఒప్పందం చేసుకోవాలి. దానిని ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషులలో రాసి మంచం తలవైపు గోడకు అంటించాలి. చూడవచ్చిన ప్రతి బంధువూ కొత్త సంకేతం నేర్పబోతే రోగి అయోమయపడతాడు.

అడిగే తీరులోనూ మర్యాద ఉంది. టీవీ ఆపి, ఒక్కరే మాట్లాడాలి. వెలుగు మన ముఖం మీద పడేలా కూర్చోవాలి. ఒక ప్రశ్నలో ఒకే విషయం ఉండాలి. ‘అబ్బాజాన్, నొప్పిగా ఉందా, నీళ్ళు కావాలా, పడుకుంటారా?’ అని ఒక్క ఊపిరిలో అడిగితే ఆయన దేనికి తల ఊపాలి? అడిగిన తరువాత పది సెకన్లైనా ఆగాలి. గాయపడిన మెదడుకు వ్యవధి కావాలి. నీళ్ళు, నొప్పి, మరుగుదొడ్డి, చలి, ఆకలి, నమాజు, ఒంటరిగా వదిలేయండి అనే వాటికి బొమ్మలు గీసి ఒక అట్ట తయారు చేసుకోవచ్చు. చదవడం పోయినా బొమ్మ మిగలవచ్చు. అప్పుడప్పుడు తెలిసిన జవాబు గల ప్రశ్న కలపాలి: ‘ఇది మన ఇల్లేనా? మీ పేరు సలీమా?’ అని. జవాబులు తారుమారైతే ఆ పూట అలసిపోయారని గ్రహించి, పెద్ద విషయాలు అడగకూడదు. ఏ వేళ, ఏ సైగ, ఏ సందర్భంలో వచ్చిందో ఒక పుస్తకంలో రాసి ఉంచితే వైద్యునికి అది ఎంతో ఉపయోగం.

ఆరాధన విషయంలో కూడా సైగకు చోటుంది. నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పడుకొని, రుకూ సజ్దాలకు తలతో సైగ చేస్తూ నమాజు చేసుకోవచ్చు. సజ్దాకు తలను రుకూ కంటే కాస్త ఎక్కువగా వంచుతారు. అంతకూ శక్తి లేనివారి గురించి, స్పృహ వస్తూపోతూ ఉన్నవారి గురించి ధర్మపండితులను అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు మూసీకి అవతలి ఒడ్డుకు వెళ్దాం. మాటలేని సైగను న్యాయస్థానం ఎలా చూస్తుంది? 1885లో అలహాబాద్ హైకోర్టు ముందుకు ఒక వ్యాజ్యం వచ్చింది. గొంతు కోయబడి మాట్లాడలేని యువతిని, స్పృహ ఉండగా ఒక్కొక్క పేరూ చెప్పి అడిగారు. ఆమె చేతితో సైగ చేసి అవునో కాదో తెలిపింది. ఆ ప్రశ్నలను, సైగలను కలిపి మరణవాంగ్మూలంగా స్వీకరించవచ్చునని ఫుల్ బెంచ్ తీర్పునిచ్చింది. నేడు అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 125వ సెక్షన్ కూడా, మాట్లాడలేని సాక్షి రాత ద్వారా గాని సైగల ద్వారా గాని బహిరంగ న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పవచ్చంటుంది. అటువంటి వాంగ్మూలాన్ని వీడియో తీయాలనీ చెబుతుంది.

న్యాయస్థానం ఇంత జాగ్రత్త తీసుకుంటుంటే, మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? మాటలేని మనిషి వేలిని సిరాలో ముంచి కాగితాల మీద అద్దించడం, ‘తల ఊపాడు, ఒప్పుకున్నాడు’ అనడం మనం వినని సంగతులు కావు. ఇల్లు అమ్మకం, వారసత్వం, ఖులా, తలాఖ్ వంటి విషయాలలో ఒక్క తల ఊపు ఒక కుటుంబం బతుకును మార్చివేస్తుంది. ఆ కాగితం వల్ల లాభపడేవాడే సైగకు అర్థం చెప్పేవాడు కారాదు. వైద్యుని అభిప్రాయం, స్పీచ్ థెరపిస్టు సహాయం, స్వార్థం లేని సాక్షులు, వేర్వేరు రోజులలో ఒకే జవాబు ఉండాలి. ఇవి లేని వేలిముద్ర ఆమోదం కాదు. రోగికి నిర్ణయశక్తి లేదని తేలితే న్యాయస్థానం ద్వారా సంరక్షకత్వం కోరాలి గాని, ఆయన వేలిని అరువు తెచ్చుకోకూడదు.

ఒకే గుర్తును నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పే పాత ఉదంతం ఈ ఒడ్డునే ఉంది. ఉస్మానియా ఆస్పత్రికి పూర్వరూపమైన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి వైద్యుడు ఎడ్వర్డ్ లారీ చొరవతో, నిజాం ప్రభుత్వ సహాయంతో 1888, 1889లలో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. మత్తులో ఉన్న రోగి మాట్లాడలేడు. అతని ప్రమాదాన్ని ఏ గుర్తుతో కనిపెట్టాలన్నదే ప్రశ్న. శ్వాసను కనిపెట్టి ఉంటే చాలునన్నది లారీ వాదం. శ్వాసను గమనించాలన్న హెచ్చరిక ఎందరికో మేలు చేసింది. అయితే క్లోరోఫాం గుండెనే ముందుగా ఆపగలదని 1911లో లెవీ పరిశోధనలు చూపాయి. ఒక గుర్తు నిజమే, కాని ఆ ఒక్కటే చాలదు. రోగి సైగలకూ ఇదే వర్తిస్తుంది. చూపును చేతితో, చేతిని సమయంతో, నేటి జవాబును రేపటి జవాబుతో సరిచూసుకోవాలి.

సహాయం కోరదగిన మార్గాలున్నాయి. అఫేసియా వంటి కారణాల వల్ల ఏర్పడే శాశ్వత వాక్కు, భాషా వైకల్యాన్ని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలలో ఒకటిగా గుర్తించింది. ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. మన హైదరాబాదీ అలీ యావర్ జంగ్ పేరిట నెలకొన్న జాతీయ వాక్ శ్రవణ వైకల్య సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆస్పత్రి నుండి విడుదలయ్యేటప్పుడే స్పీచ్ థెరపీకి సిఫారసు చీటీ అడిగి తీసుకోవాలి. దెబ్బ తగిలి ఏళ్ళయినా అభ్యాసం వృథా కాదు.

సోదర సోదరీమణులారా! మీ ఇంట గాని, మీ గల్లీలో గాని తలగాయంతో మాట తగ్గిన మనిషి ఉంటే, ఈ శుక్రవారం ఆయన వద్దకు వెళ్ళండి. ఆయన చూపు ఉన్న వైపు కూర్చోండి. సలాం చెప్పి, ఒక చిన్న ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగండి. కనురెప్ప కదిలేవరకు ఆగగలిగే ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.